శనివారపు బడి: నల్లజాతి కౌమార విద్యార్థులు, ఇంజనీరింగ్ విద్య, అమెరికాలో స్వచ్ఛంద కృషి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

నల్లజాతి కౌమార విద్యార్థులను ఇంజనీరింగ్ వృత్తి వైపు నడిపించేందుకు అమెరికా నగరాలలో 1970 దశకం నుండి వారాంతపు తరగతులు నడుస్తున్నాయి. వీటి చరిత్రను పరిశ్రమల అవసరాలతో, దాతృసంస్థల ప్రణాళికలతో ముడిపెట్టి చెప్పడం పరిపాటి. ఆ కథనం అసత్యమేమీ కాదు గాని అసంపూర్ణం. బానిసత్వ కాలపు ఆదివారపు బడి మొదలు 1964 నాటి స్వేచ్ఛా పాఠశాలల వరకు సాగిన స్వయంవిద్యా సంప్రదాయంలో భాగంగా చూసినప్పుడే ఈ తరగతుల బలమూ, పరిమితీ బోధపడతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నల్లజాతి విద్య, ఇంజనీరింగ్, స్వచ్ఛంద సేవ, శనివారపు తరగతులు, పౌరహక్కులు, గణిత విద్య.

ఉపోద్ఘాతం

పిల్లలను ఇంజనీరింగ్ వైపు ప్రోత్సహించే కార్యక్రమం అన్నమాట తెలుగు పాఠకుడికి కొంత వింతగా తోచవచ్చు. మన మధ్యతరగతి ఇళ్ళలో ఆ ప్రోత్సాహానికి కొదవ లేదు. బిడ్డకు మరో ఇష్టం ఉంటే దానికి చోటు దొరకడమే కష్టం. ఆ వృత్తిని ఇంటిలోనో, వీధిలోనో, బంధువర్గంలోనో చూసి పెరిగిన పిల్లలకు అది సహజమైన దారిగా కనిపిస్తుంది. ఎక్కడా చూడని పిల్లలకు అటువంటి దారి ఒకటి ఉన్నదన్న సంగతి ఎవరో ఒకరు చెప్పవలసి వస్తుంది. 1970 ప్రాంతంలో అమెరికా జనాభాలో నల్లజాతివారు సుమారు 11 శాతం. ఇంజనీరింగ్ పట్టాలు పొందేవారిలో వారు దాదాపు ఒక శాతం మాత్రమే. ఆ కొద్దిమందిలోనూ గణనీయమైన భాగం హోవర్డ్, టస్కీగీ, నార్త్ కరోలినా ఏ అండ్ టి వంటి చారిత్రక నల్లజాతి విద్యాసంస్థల నుండి వచ్చినవారు.

ఈ లోటును పూడ్చడానికి కొందరు అధ్యాపకులు, ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్లు, ఇంకా చదువు పూర్తికాని కళాశాల విద్యార్థులు తమ సెలవు రోజును ఇచ్చారు. ఎందుకు ఇచ్చారు? ఆ రోజు ఇవ్వవలసిన బాధ్యత నిజానికి ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు చరిత్రలో దొరికే ఆధారాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సెలవు రోజున చదువు: పూర్వరంగం

బానిసత్వ కాలంలో దక్షిణాది రాష్ట్రాలు అనేకం బానిసలకు చదువు చెప్పడాన్ని చట్టవిరుద్ధం చేశాయి. దక్షిణ కరోలినా 1740లోనే బానిసలకు రాత నేర్పడాన్ని నిషేధించింది. 1831లో నాట్ టర్నర్ తిరుగుబాటు తరువాత ఈ కట్టడి మరింత బిగిసింది. వారం పొడవునా యజమాని పొలంలో గడిచే బతుకులో ఆదివారం ఒక్కటే కాస్త వెసులుబాటు. ఆ వెసులుబాటులోనే చదువు చొరబడింది. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రచురించిన ఆత్మకథలో, తాను మేరీలాండ్‌లో బానిసగా ఉన్నప్పుడు ఆదివారాలలో తోటి బానిసలకు చదువు చెప్పిన సంగతి వివరించాడు. ఒక దశలో నలభైమందికి పైగా విద్యార్థులు వచ్చేవారట. తరగతి జరిగింది ఒక స్వతంత్ర నల్లజాతీయుని ఇంట్లో. ఆ గృహస్థుని పేరును డగ్లస్ చెప్పలేదు. చెబితే అతనికి ముప్పు కలుగుతుందని భయపడ్డాడు. చదువు చెప్పినవాడికి జీతం లేదు, చెప్పుకున్నవారికి పట్టా లేదు, ఇల్లు ఇచ్చినవాడికి పేరు కూడా దక్కలేదు.

నూట ముప్ఫై ఏళ్ళ తరువాత, 1964 వేసవిలో, మిసిసిపీలో స్వేచ్ఛా పాఠశాలలు నడిచాయి. విద్యార్థి అహింసా సమన్వయ సంఘానికి చెందిన చార్లెస్ కాబ్ చేసిన ప్రతిపాదన వాటికి మూలం. నలభైకి పైగా పాఠశాలలలో రెండు వేలమందికి పైగా పిల్లలు, పెద్దలు చదువుకున్నారు. చర్చి నేలమాళిగలు, ఇళ్ళ వరండాలు, చెట్ల నీడలు తరగతి గదులయ్యాయి. బోధించినవారు ఎక్కువగా కళాశాల విద్యార్థులు. ప్రభుత్వ బడి చేయవలసి ఉండీ చేయని పనిని, ఆ బడి తలుపులు మూసి ఉన్న కాలంలో, జీతం ఆశించని యువకులు చేశారు. తరువాతి దశాబ్దపు శనివారపు తరగతులలో కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది. పాఠ్యాంశం మాత్రం అక్షరం, ఓటు హక్కుల నుండి బీజగణితానికి మారింది.

బీజగణితమే ఎందుకు?

ఇంజనీరింగ్ విద్యకు ఒక విశేషం ఉంది. కళాశాలలో చేరిన తొలినాళ్ళలోనే కలనగణితం ఎదురవుతుంది. దానికి ముందు త్రికోణమితి, దానికి ముందు రేఖాగణితం, వాటన్నిటికీ ముందు బీజగణితం పూర్తి కావాలి. ఈ వరుసలో ఒక మెట్టు తప్పితే పదిహేడేళ్ళ వయసులో దాన్ని అందుకోవడం దాదాపు అసాధ్యం. న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక ఇరవయ్యేళ్ళకు పుట్టినా ఫరవాలేదు. ఇంజనీరు కావాలన్న కోరిక పదమూడు, పద్నాలుగేళ్ళకే పుట్టాలి. పుట్టకపోయినా, పుడితే దారి మూసుకుపోకుండా ఎవరో చూడాలి. నల్లజాతి పిల్లలు చదివే అనేక నగర పాఠశాలలలో పై తరగతి గణితం బోధించేవారే లేరు. ఉన్నచోట కూడా కౌన్సెలర్లు వారిని చేతివృత్తుల కోర్సుల వైపు మళ్ళించడం సర్వసాధారణంగా జరిగేది.

అలబామా రాష్ట్రంలోని మొబీల్ నగరంలో పెరిగిన లానీ జాన్సన్ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. ఇంజనీరింగ్‌లో ఇతనికి పెద్దగా అభిరుచి లేదని ఒక పరీక్ష తేల్చింది. అదే యువకుడు 1968లో, పాత ఇనుప సామాను నుండి ఏరిన భాగాలతో, గాలి ఒత్తిడితో కదిలే ఒక మరమనిషిని తయారు చేసి అలబామా విశ్వవిద్యాలయంలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనలో ప్రథమ బహుమతి పొందాడు. ఆ పోటీలో పాల్గొన్న నల్లజాతి విద్యార్థి అతనొక్కడే. నల్లజాతి విద్యార్థుల ప్రవేశాన్ని అడ్డుకోవడానికి గవర్నర్ జార్జ్ వాలస్ అదే విశ్వవిద్యాలయపు గుమ్మంలో నిలబడి అప్పటికి అయిదేళ్ళే అయింది. జాన్సన్ తరువాత టస్కీగీలో చదివి, నాసా ప్రయోగశాలలో పనిచేసి, సూపర్ సోకర్ అనే నీటి తుపాకి ఆవిష్కర్తగా ప్రసిద్ధుడయ్యాడు. పరికరాలు విప్పి చూడడం ఇంట్లో తండ్రి దగ్గర నేర్చుకున్నవాడు కనుక ఆ పరీక్ష ఫలితాన్ని దాటుకొని రాగలిగాడు. అటువంటి తండ్రి లేని ఇళ్ళకు ఆ స్థానంలో ఒక మనిషిని పంపే ప్రయత్నంగానే శనివారపు తరగతులను అర్థం చేసుకోవాలి.

1970–76: ఓక్లండ్, పర్డ్యూ, డెట్రాయిట్

1970లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ టెక్నికల్ హైస్కూలులో పాతికమంది విద్యార్థులతో మెసా అనే కార్యక్రమం మొదలైంది. గణితం, ఇంజనీరింగ్, విజ్ఞానశాస్త్రాలలో సాఫల్యం అన్నది ఆ పేరుకు విస్తరణ. దాని వెనుక ఆ పాఠశాల గణితోపాధ్యాయురాలు మేరీ పెరీ స్మిత్, బర్క్లీ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ ఆచార్యుడు విల్బర్ సోమర్టన్ వంటివారు ఉన్నారు. ఒకరు పిల్లలను ఎరిగినవారు, మరొకరు ఆ పిల్లలు చేరవలసిన చోటును ఎరిగినవారు. పై తరగతి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు ఎంచుకునేలా ఒప్పించడం, వాటిలో తోడుండి చదివించడం, పనిచేస్తున్న ఇంజనీర్ల దగ్గరకు తీసుకువెళ్ళి చూపించడం, ప్రతిభకు చిన్న బహుమతులివ్వడం దీని పద్ధతులు. తరువాత వచ్చిన అనేక కార్యక్రమాలకు ఇది నమూనా అయింది.

ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం కథ వేరు. అక్కడ నల్లజాతి విద్యార్థి ఇంజనీరింగ్ పట్టా పొందడం 1894లోనే జరిగింది. ఆ పట్టభద్రుడు డేవిడ్ రాబర్ట్ లూయిస్. అయినా 1960 దశకం చివర ఇంజనీరింగ్‌లో చేరిన నల్లజాతి విద్యార్థులలో సుమారు 80 శాతం మంది తొలి దశలోనే చదువు మానేసేవారు. 1971లో ఎడ్వర్డ్ బార్నెట్, ఫ్రెడ్ కూపర్ అనే ఇద్దరు విద్యార్థులు డీన్‌ను కలిసి, తమకొక సంఘం కావాలని అడిగారు. డీన్ అంగీకరించి, అక్కడి ఏకైక నల్లజాతి అధ్యాపకుడైన ఆర్థర్ బాండ్‌ను సలహాదారుగా నియమించాడు. కొన్నేళ్ళకు ఆ సంఘం అధ్యక్షుడు ఆంథొనీ హారిస్ దేశంలో గుర్తింపు పొందిన 288 ఇంజనీరింగ్ విద్యాసంస్థలకు ఉత్తరాలు రాశాడు. ఎనభై సంస్థలు స్పందించాయి. 1975 ఏప్రిల్ 10–12 తేదీలలో 32 విద్యాసంస్థల నుండి 48 మంది విద్యార్థులు పర్డ్యూలో సమావేశమయ్యారు. జాతీయ నల్లజాతి ఇంజనీర్ల సంఘం పుట్టుక అదే. చదువులో రాణించి, వృత్తిలో నిలదొక్కుకొని, తమ సమాజానికి మేలు చేసే, సాంస్కృతిక బాధ్యత గల నల్లజాతి ఇంజనీర్ల సంఖ్యను పెంచడం దాని లక్ష్యం. ఈ లక్ష్యంలో సంఖ్య ఎంత ముఖ్యమో బాధ్యత అంత ముఖ్యం. ఆ బాధ్యతను ఆచరణలో పెట్టడానికి స్థానిక శాఖలు ఎంచుకున్న మార్గాలలో ఇరుగుపొరుగు పాఠశాలల పిల్లలకు వారాంతంలో పాఠాలు చెప్పడం ఒకటి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ విద్యార్థి బోధకులు తమ చదువు తామే నిలుపుకోవడానికి పోరాడుతున్నవారు. తోటివారిలో అధికభాగం వెనుదిరిగిన తరగతి గదులలో మిగిలినవారు. అటువంటి పంతొమ్మిదేళ్ళ విద్యార్థి పద్నాలుగేళ్ళ పిల్లవాడికి శనివారం ఉదయం ఇచ్చాడంటే తన పరీక్షల సమయంలోంచి కోసి ఇచ్చినట్లే. ఇది తీరిక ఉన్నవారి దానంగా లెక్కించదగినది కాదు.

డెట్రాయిట్‌లో 1976లో మొదలైన ప్రాక్-కళాశాల ఇంజనీరింగ్ కార్యక్రమానికి ఆల్ఫ్రెడ్ పి. స్లోన్ ఫౌండేషన్ ఆర్థికసాయం లభించింది. ఆ నగర నేపథ్యం తెలియనిదే ఈ కార్యక్రమం ప్రాముఖ్యం తెలియదు. 1967 అల్లర్ల తరువాత శ్వేతజాతి కుటుంబాలు శివార్లకు తరలిపోవడం వేగం పుంజుకుంది. పిల్లలను నగర, శివారు పాఠశాలల మధ్య బస్సులలో తరలించి వేర్పాటును తొలగించాలన్న ప్రయత్నాన్ని 1974లో సుప్రీంకోర్టు మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో అయిదు–నాలుగు ఆధిక్యంతో అడ్డుకుంది. ఆ తీర్పుతో నగర పాఠశాలలు ఉన్నచోటే మిగిలిపోయాయి. ప్రపంచానికి కార్లు తయారుచేసే ప్రాంతంలో, కర్మాగారంలో శ్రమించే తల్లిదండ్రుల పిల్లలకు ఆ కారును రూపొందించే ఇంజనీరు కంటికి కనబడని మనిషయ్యాడు. వారం రోజులు చట్టం దాటనివ్వని గీతను శనివారం దాటించడమే డెట్రాయిట్ తరగతులు చేసిన పని: పిల్లలు వేన్ స్టేట్, మిచిగన్ వంటి విశ్వవిద్యాలయాల ప్రాంగణాలకే వెళ్ళి అక్కడి ప్రయోగశాలలలో కూర్చున్నారు.

పరిశ్రమ పాత్ర

స్వచ్ఛంద కృషి ఒక్కటే దీన్నంతా నడిపిందనడం అతిశయోక్తి. 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగ నియామకాలలో వివక్షను నిషేధించింది. 1965 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రభుత్వ గుత్తేదారు సంస్థలపై అదనపు బాధ్యత మోపింది. నియమించుకోవడానికి పట్టభద్రులు లేరని కంపెనీలు వాదించసాగాయి. 1972లో జనరల్ ఎలక్ట్రిక్ ఉన్నతాధికారి జె. స్టాన్‌ఫర్డ్ స్మిత్, అల్పసంఖ్యాక ఇంజనీరింగ్ పట్టభద్రుల సంఖ్య దశాబ్దకాలంలో అనేక రెట్లు పెరగాలని పిలుపునిచ్చాడు. 1973లో జాతీయ ఇంజనీరింగ్ అకాడమీ సదస్సు నిర్వహించింది. 1974లో స్లోన్ ఫౌండేషన్ తరఫున ఒక కార్యాచరణ నివేదిక వెలువడింది. హోవర్డ్ ఇంజనీరింగ్ డీన్ పెర్సీ పియర్ ఈ ప్రయత్నాలన్నిటికీ ఇరుసు వంటివాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే. 1975లో ఆగ్నేయ రాష్ట్రాల ఇంజనీరింగ్ డీన్లు కలిసి సెక్మీ అనే కూటమిని ఏర్పరచారు.

మనకు సంబంధించిన ఒక విషయం ఇక్కడే చెప్పుకోవాలి. 1965లోనే, పౌరహక్కుల ఉద్యమం సృష్టించిన అదే వాతావరణంలో, అమెరికా తన వలస చట్టాన్ని మార్చి జాతుల వారీ కోటాలను రద్దు చేసింది. తెలుగు ఇంజనీర్లు, వైద్యులు అక్కడికి పెద్ద సంఖ్యలో వెళ్ళగలగడానికి దారి ఆ చట్టమే తెరిచింది. అంటే ఇంజనీర్ల కొరత ఉన్న దేశానికి రెండు మార్గాలు ఏకకాలంలో దొరికాయి: తన నగరాలలోని పిల్లలను పదేళ్ళ పాటు చదివించుకోవడం, లేదా మరో దేశపు ప్రజాధనంతో చదువు పూర్తి చేసుకున్నవారిని పిలుచుకోవడం. రెండవది చౌక. తెలుగు ప్రవాస చరిత్ర రాసేవారు మొదటి మార్గంలో శనివారాలు ఖర్చు చేసినవారిని కూడా ఆ చరిత్ర పుటలలో చేర్చుకోవడం న్యాయం.

తరగతిలో ఏమి జరిగేది?

ఈ తరగతులను ప్రైవేటు ట్యూషన్ అనుకుంటే పొరపాటు. గణితం ఉండేది, దానితోపాటు చేతిపని ఉండేది. సెక్మీ పోటీలలో ప్రసిద్ధమైన ఎలుకబోను బండినే తీసుకోండి. స్ప్రింగు ఎలుకబోనును చెక్క చట్రానికి బిగించి, దాని కమ్మీకి ఒక పొడవైన పుల్ల కట్టి, పుల్ల కొస నుండి దారాన్ని వెనుక ఇరుసుకు చుట్టాలి. స్ప్రింగు విడుదల కాగానే దారం లాగబడి ఇరుసు తిరుగుతుంది. పుల్ల పొడవు పెంచితే దారం ఎక్కువ లాగుతుంది, బండి దూరం పోతుంది. కాని కొస దగ్గర బలం తగ్గి బండి కదలడానికే మొరాయిస్తుంది. పొట్టిగా ఉంచితే దూకుడుగా బయలుదేరి కొద్ది దూరంలో ఆగిపోతుంది. ఎంత పొడవు ఉంచాలన్నది పిల్లవాడే తేల్చుకోవాలి. బలానికి, దూరానికి మధ్య బేరమాడడం ఇంజనీరు నిత్యం చేసే పని. దాన్ని వంటింటి మూలలోని వస్తువుతో నేర్పడం వల్ల ఖర్చు తగ్గింది, వృత్తి చుట్టూ ఉన్న భయమూ తగ్గింది. పుల్లలతో వంతెన కట్టి బరువులు వేలాడదీసి విరగ్గొట్టడం మరో అభ్యాసం. ఎక్కడ విరిగిందో చూసి కారణం చెప్పగలిగిన జట్టు, గెలిచినా ఓడినా, పాఠం నేర్చుకున్నట్లే.

2011లో ఎలక్ట్రికల్ ఇంజనీరు కింబర్లీ బ్రయంట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన బ్లాక్ గర్ల్స్ కోడ్ ఇదే ధోరణిని బాలికల కోసం కంప్యూటర్ రంగానికి తెచ్చింది. ఆనాటి ఎలుకబోను స్థానంలో ఇప్పుడు ప్రోగ్రామింగ్, రోబోలు వచ్చాయి. తనవంటి మనిషిని ఎదురుగా చూడడం అన్న అంశం మారలేదు.

పేరు మార్పులు, లెక్కల మందగమనం

1996లో కాలిఫోర్నియా, 2006లో మిచిగన్ ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ప్రభుత్వ విద్యలో జాతి ఆధారిత ప్రాధాన్యాన్ని నిషేధించాయి. 2003లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అల్పసంఖ్యాక విద్యార్థులకే పరిమితమైన తన వేసవి కార్యక్రమాన్ని అందరికీ తెరిచింది. 2023లో సుప్రీంకోర్టు ప్రవేశాలలో జాతిని పరిగణించడాన్ని కొట్టివేసింది. ప్రభుత్వ సంస్థల ఆశ్రయంలో ఉన్న కార్యక్రమాల భాషలో నల్లజాతి అన్న మాట పలుచబడి, విద్యావకాశాలు తక్కువైనవారు అన్న మాట స్థిరపడింది. ఎవరి కోసం మొదలైందో వారి పేరే చెప్పలేని స్థితి ఒక ఉద్యమానికి రావడం విచారకరం. పిల్లలు మాత్రం చాలాచోట్ల వారే. స్వచ్ఛంద సంఘాలు తమ పేరును నిలుపుకోగలిగాయి. జీతం లేని పనికి ఉన్న స్వేచ్ఛ అది.

లెక్కలు కూడా ఆశించినట్లు సాగలేదు. ఇంజనీరింగ్ పట్టాలలో నల్లజాతివారి వాటా 2000 నాటికి అయిదు శాతం దాటి, 2010ల మధ్యకు నాలుగు శాతం దగ్గరకు జారింది. 2014లో సుమారు 3,500గా ఉన్న వార్షిక నల్లజాతి పట్టభద్రుల సంఖ్యను 2025 నాటికి పదివేలకు చేర్చాలని జాతీయ నల్లజాతి ఇంజనీర్ల సంఘం లక్ష్యం పెట్టుకోవడానికి నేపథ్యం ఇదే. చరిత్రకారిణి ఏమీ స్లేటన్ 2010లో ప్రచురించిన గ్రంథంలో, ఇంజనీరింగ్ విద్యలో ప్రమాణాల పేరిట నడిచే వ్యవస్థలే వర్ణరేఖను నిలబెట్టిన తీరును విశ్లేషించింది. ఈ దృష్టితో చూస్తే శనివారపు తరగతి పరిమితి స్పష్టమవుతుంది. అది పిల్లవాడిని సిద్ధం చేయగలదు. అతడు చేరబోయే కళాశాలను సిద్ధం చేయలేదు. కళాశాల రుసుమునూ కట్టలేదు. పైగా శనివారం ఉదయం పిల్లవాడిని ప్రాంగణానికి చేర్చడానికి వాహనమూ, ఆ రోజు సెలవూ ఉన్న తల్లి కావాలి. రెండు ఉద్యోగాలు చేసే తల్లి బిడ్డ ఆ గదికి చేరేలోపే వడపోత జరిగిపోతుంది. స్వచ్ఛంద కార్యక్రమాలు విజయవంతమైన కొద్దీ ప్రభుత్వ బడి తన పనిని వాయిదా వేసుకోవడానికి సాకు దొరికే ప్రమాదమూ ఉంది.

ఈ చిక్కును మొదటి నుండి గుర్తించినవాడు రాబర్ట్ మోజెస్. 1964 మిసిసిపీ ఉద్యమ నాయకులలో ఒకడైన ఆయన వృత్తిరీత్యా గణితోపాధ్యాయుడు. 1982లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఎనిమిదవ తరగతికి వచ్చిన తన కుమార్తెకు బడిలో బీజగణితం చెప్పేవారు లేరని తెలిసి, తానే ఆ తరగతి గదికి వెళ్ళి ఆమెకూ, మరికొందరు పిల్లలకూ బోధించడం మొదలుపెట్టాడు. ఆల్జీబ్రా ప్రాజెక్టుకు మూలం అదే. ఓటరుగా నమోదు కావడం 1960లలో ఎటువంటి హక్కో, గణితం రావడం ఈ కాలంలో అటువంటి హక్కు అన్నది ఆయన వాదం. హక్కు అయినప్పుడు దాన్ని సెలవు రోజుకు వదిలిపెట్టడం కుదరదు కనుక ఆయన పోరాటం ప్రధానంగా వారం మధ్యలోని బడిలోనే సాగింది. ఆ ప్రాజెక్టులో చదువుకున్న యువతీయువకులు 1996లో యంగ్ పీపుల్స్ ప్రాజెక్టు పేరిట సొంత సంస్థ ఏర్పరచుకున్నారు. అందులో ఉన్నత పాఠశాల విద్యార్థులు తమకన్నా చిన్న పిల్లలకు ఆటల రూపంలో గణితం చెబుతారు. అలా చెప్పినందుకు వారికి ప్రతిఫలంగా డబ్బు చెల్లిస్తారు.